పారామెడికల్ సర్టిఫికెట్టా? ఫీజు కట్టే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి

మా చిన్నమ్మ కొడుకు ఒకడున్నాడు. ఎమ్మిగనూరు దగ్గర పల్లె వాళ్లది. మూడేళ్ల కిందట ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ పడిందని తెలిసి, ఫైల్ చంకలో పెట్టుకుని తెల్లారే బస్సెక్కి కర్నూలు వచ్చాడు. తోడుగా నేనూ వెళ్లాను. దరఖాస్తులు తీసుకుంటున్న ఆయన కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు.

"టెన్త్ ఉంది, ఇంటర్ ఉంది, సర్టిఫికెట్ ఉంది. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ యాడుందప్పా?"

మావాడు సర్టిఫికెట్ మీదున్న బంగారు రంగు ముద్ర చూపించాడు. "గవర్నమెంటు రికగ్నైజ్డ్ అని చెప్పినారు సార్" అన్నాడు. ఆయన కసురుకోలేదు. ముద్ర కింద ఉన్న చిన్న అక్షరాలు చదివి, "ఇది సొసైటీ రిజిస్ట్రేషన్ నంబరు నాయనా. నీది కాదు, ఇన్‌స్టిట్యూట్‌ది" అని ఫైల్ వెనక్కి ఇచ్చాడు.

ఏడాది కోర్సు. ఫీజు కోసం చిన్నమ్మ గొలుసు బ్యాంకులో కుదువ పెట్టారు. హాస్టల్ ఖర్చులకు వాళ్ల నాయన సుగ్గికి పోయి, గుంటూరు వైపు మిరపకాయలు కోసి తెచ్చిన డబ్బు సరిపోయింది. మావాడు ఇప్పుడు హైదరాబాద్‌లో బైక్ మీద ఇళ్లకు తిరిగి రక్తం శాంపిళ్లు తీస్తున్నాడు. చెయ్యి మంచిది, సూది గుచ్చితే నొప్పి తెలియదని పేషెంట్లు మెచ్చుకుంటారు. అయినా జీతం పెరగమంటే "డిప్లొమా ఉందా?" అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, వాడి చెల్లెలు ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పాసైంది. అప్పుడు వాణ్ని చేర్పించిన మధ్యవర్తే మళ్లీ ఇంటికొచ్చి కూర్చున్నాడట. ఈసారి కోర్సు పేరు డయాలసిస్.

ఒకే పేరు, నాలుగు రకాల కాగితాలు

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో నిలబడినా, కడప ఏడురోడ్ల కూడలిలో నిలబడినా ఏదో ఒక గోడ మీద "పారామెడికల్ కోర్సులు" అన్న మాట కనిపిస్తుంది. ఆ ఒక్క మాట కింద అమ్మేవి మాత్రం వేర్వేరు సరుకులు.

మొదటిది సర్టిఫికెట్. మూడు నెలల నుంచి ఏడాది దాకా ఉంటుంది. పేషెంట్ కేర్, రక్తం తీయడం, ఓటీ అసిస్టెంట్, ఈసీజీ ఇలాంటివి.

రెండోది డిప్లొమా. ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డు నడిపే డీఎంఎల్‌టీ, మెడికల్ ఇమేజింగ్, అనస్థీషియా, డయాలసిస్, ఆప్తాల్మిక్ అసిస్టెంట్ లాంటివి. డీఎంఎల్‌టీకి రెండేళ్లు పడుతుంది. పరీక్ష పెట్టేది బోర్డు, పాసైతే రిజిస్టర్ చేసేదీ బోర్డే.

మూడోది డిగ్రీ. బీఎస్సీ ఎంఎల్‌టీ, బీపీటీ వంటివి. ఇవి ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద ఉంటాయి.

నాలుగోది చాలామందికి గుర్తురానిది. ఇంటర్‌లోనే ఒకేషనల్ ఎంఎల్‌టీ. పదో తరగతి అయ్యాక జూనియర్ కాలేజీలో చేరి రెండేళ్లు చదివి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి, బోర్డులో రిజిస్టర్ అయితే ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు అర్హత వస్తుంది. ఖర్చులో అన్నిటికన్నా తక్కువ ఇదే. మీ ఇంట్లో టెన్త్ పిల్లలుంటే ఈ దారి కూడా చెప్పండి.

ఈ నాలుగింటి మధ్య గీత గీసిన చట్టం ఒకటుంది. 2021లో పార్లమెంటు చేసిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం. ల్యాబ్, రేడియాలజీ, అనస్థీషియా, డయాలసిస్, ఫిజియోథెరపీ లాంటి వృత్తులన్నీ దాని కిందికి వస్తాయి. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలనీ, ఆ చదువు రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటలు సాగాలనీ ఆ చట్టం చెబుతుంది. ఆరు నెలల సర్టిఫికెట్ ఎంత అందంగా అచ్చు వేయించినా ఈ లెక్కలోకి రాదు. రేపు రిజిస్టర్లు గట్టిగా అమలయ్యే కొద్దీ ఆ కాగితం విలువ ఇంకా తగ్గుతుంది.

"దూరవిద్యలో చేసేయొచ్చు, కాలేజీకి రానక్కర్లేదు" అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. ఈ చట్టం కిందికి వచ్చే కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని 2025 ఆగస్టులో యూజీసీ యూనివర్సిటీలకు తేల్చి చెప్పింది.

ముద్రలు చూసి మోసపోవద్దు

మావాడి సర్టిఫికెట్ మీద మూడు ముద్రలున్నాయి. మూడూ అబద్ధం కాదు. మూడూ వాడికి పనికిరావు.

ఐఎస్‌వో 9001 అంటే సంస్థ నిర్వహణ పద్ధతికి ఇచ్చే ప్రమాణం. కోర్సుకు గుర్తింపు ఉందని దాని అర్థం కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారాలకు ఇచ్చేది, ఆన్‌లైన్‌లో ఉచితంగా తీసుకోవచ్చు. సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ అంటే ఆ సంస్థ చట్టబద్ధంగా ఉందని చెప్పడమే. కిరాణా కొట్టుకు లైసెన్స్ ఉన్నంత మాత్రాన అక్కడ కొన్న చీటీతో బ్యాంకులో డబ్బు ఇవ్వరు కదా, ఇదీ అంతే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న "మీకు గుర్తింపు ఉందా?" అని కాదు. దానికి అందరూ ఉందనే చెబుతారు. అడగాల్సింది ఇది: "కోర్సు అయిపోయాక నా పేరు ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది?"

పారామెడికల్ బోర్డులోనా, ఇంకెక్కడైనానా, ఎక్కడా లేదా? జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. తర్వాత బోర్డు గుర్తించిన కాలేజీల్లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు రెండూ ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. ఒక కాలేజీకి ల్యాబ్ కోర్సుకు అనుమతి ఉండి, డయాలసిస్‌కు లేకపోవచ్చు. బోర్డు మీద మాత్రం అన్నీ రాసుకుంటారు.

ఇప్పుడు డబ్బు లెక్క

మొన్న మా చెల్లితో కూర్చుని ఒక పాత నోట్‌బుక్ వెనక పేజీలో వేసిన లెక్క ఇది. అంకెలు ఉదాహరణ కోసం పెట్టుకున్నవి. మీ ఊరి ఫీజు, మీ ఊరి జీతం పెట్టి మీరూ వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

ముందు ఏ కోర్సూ చేయకుండా అదే ఆసుపత్రిలో హెల్పర్‌గా చేరితే ఎంత వస్తుందో రాయండి. నెలకు 7,000 అనుకుందాం. ఇది రాయకుండా లెక్క మొదలుపెట్టకూడదు. ఎందుకంటే కోర్సు విలువ అంటే ఆ తర్వాత వచ్చే జీతం మొత్తం కాదు. కోర్సు వల్ల *అదనంగా* వచ్చేదే.

ఆరు నెలల సర్టిఫికెట్: ఫీజు 35,000. హాస్టల్ నెలకు 4,500 చొప్పున 27,000. యూనిఫాం, పరీక్ష ఫీజు, బస్సులు 8,000. మొత్తం 70,000. ఆ ఆరు నెలలు హెల్పర్‌గా చేసి ఉంటే వచ్చే 42,000 కూడా పోయినట్టే. అసలు ఖర్చు 1,12,000. తర్వాత జీతం 8,000 అయితే అదనంగా వచ్చేది నెలకు 1,000. పెట్టింది తిరిగి రావడానికి 112 నెలలు. అంటే తొమ్మిదేళ్ల పైన!

రెండేళ్ల డిప్లొమా: ఫీజు 80,000. హాస్టల్ 20 నెలలకు 90,000. ఇతరాలు 20,000. పోయిన జీతం 24 నెలలకు 1,68,000. మొత్తం 3,58,000. ప్రైవేటులో 12,000తో చేరితే అదనంగా వచ్చేది నెలకు 5,000. తిరిగి రావడానికి సుమారు 72 నెలలు, అంటే ఆరేళ్లు.

చెల్లి పెన్ను కింద పెట్టేసింది. "అంటే డిప్లొమా కూడా దండగేనా అన్నా?"

దండగ కాదు. కానీ మధ్యవర్తి చెప్పినట్టు చేరగానే డబ్బు కురిసే చదువూ కాదు. ప్రైవేటు ఆసుపత్రి మొదటి జీతాన్ని మాత్రమే చూస్తే ఏ పారామెడికల్ కోర్సూ త్వరగా గట్టెక్కదు. తేడా మొదటి జీతంలో లేదు, ఆ తర్వాత తెరుచుకునే తలుపుల్లో ఉంది. సర్టిఫికెట్ చేసినవాళ్లు ప్రభుత్వ నోటిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టలేరు. డిప్లొమా చేసి రిజిస్టర్ అయినవాళ్లు పెట్టగలరు. మన రాష్ట్రంలో ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 కాంట్రాక్ట్ పోస్టుకు నోటిఫికేషన్లలో ఇస్తున్న జీతం 32,670. అది వస్తే అదే 3,58,000 సుమారు 14 నెలల్లో తిరిగి వస్తుంది.

ఈ లెక్కలో ఇంకో సంగతి కూడా బయటపడింది. డిప్లొమా ఖర్చులో ఫీజు కంటే హాస్టల్‌ది పెద్ద అంకె. ఇంటి నుంచి వెళ్లి వస్తే మొత్తం 2,68,000కి దిగుతుంది. ఆరేళ్లు కాస్తా నాలుగున్నరేళ్లు అవుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. గంట, గంటన్నర దూరంలో గుర్తింపు ఉన్న కాలేజీ ఉంటే, దూరంగా ఉన్న "పెద్ద పేరు" కాలేజీ కంటే అదే మేలు కావచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కాలేజీకి, ఆ కోర్సుకు వర్తిస్తుందా అన్నది కూడా చేరకముందే సచివాలయంలో అడిగి తేల్చుకోండి. "తర్వాత వస్తుందిలే" అన్న మాట మీద అప్పు చేయొద్దు.

మార్కులే పెట్టుబడి

కాంట్రాక్ట్ పోస్టులకు సాధారణంగా పరీక్ష ఉండదు. 100 మార్కుల మెరిట్ లెక్క ఉంటుంది. అందులో 75 మీ డిప్లొమా మార్కుల శాతం మీద. 10 మీరు పాసై ఎన్నేళ్లయింది అన్నదాని మీద, ఏడాదికి ఒకటి చొప్పున. మిగిలిన 15 అప్పటికే ప్రభుత్వంలో కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ సర్వీసు చేసినవాళ్లకు.

దీని అర్థం ఏమిటో చూడండి. 85 శాతం తెచ్చుకున్న అమ్మాయికి 63.75 వస్తాయి. 65 శాతంతో బయటపడిన అబ్బాయికి 48.75. తేడా 15. అంటే సర్వీసు ఉన్నవాళ్లకు ఇచ్చే మొత్తం వెయిటేజీ ఎంతో, రెండేళ్లు బుద్ధిగా చదివితే వచ్చే తేడా అంత!

"డిప్లొమా కదా, పాసైతే చాలు" అనేవాళ్ల మాట అందుకే వినొద్దు. "క్లాసులకు రాకపోయినా పాస్ చేయిస్తాం" అనే కాలేజీ మీకు మేలు చేయడం లేదు, ఈ 15 పాయింట్లు కోసేస్తోంది.

అలాగని భ్రమా వద్దు. పాసైన ఏళ్లకు కూడా మార్కులుంటాయి కాబట్టి మొదటి నోటిఫికేషన్‌లోనే పేరు రావడం కష్టం. పోస్టులు కొన్నే, అర్జీలు బోలెడు. పైగా ఇది కాంట్రాక్ట్, పర్మినెంట్ కాదు. రెండు మూడేళ్లు ప్రైవేటులో పనిచేస్తూ, వచ్చిన ప్రతి నోటిఫికేషన్‌కూ దరఖాస్తు పెట్టే ఓపిక ఉండాలి.

మన ఊళ్లలో పని ఉందా?

ఉంది. కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నుంచి ఉంది. దాని పెద్దాసుపత్రికి మన జిల్లావాళ్లే కాదు, తుంగభద్ర అవతల గద్వాల నుంచీ, అటు రాయచూరు నుంచీ కూడా వస్తారు. కడపలో రిమ్స్ 2006లో వచ్చింది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఇవి కాక గాయత్రీ ఎస్టేట్స్ నుంచి ప్రొద్దుటూరు దాకా ప్రైవేటు ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, ల్యాబులు.

కానీ అన్ని కోర్సులకూ ఒకే గిరాకీ ఉండదు. ల్యాబ్ ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ ఉంటుంది, కాబట్టి ఊరు వదలకుండా పని దొరకొచ్చు. అయితే పోటీ కూడా అక్కడే ఎక్కువ, జీతాలు అందుకే తక్కువ. క్యాత్‌ల్యాబ్, రేడియోథెరపీ లాంటివి పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటాయి. అవి చదివితే హైదరాబాద్, బెంగళూరు, తిరుపతి వెళ్లడానికి సిద్ధపడాలి.

డయాలసిస్ మధ్యలో ఉంటుంది. ఒక్కో పేషెంట్ వారానికి రెండు మూడుసార్లు వస్తారు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద ఉంటారు. మిషన్ ఉన్నచోట టెక్నీషియన్ లేకుండా పని జరగదు. కాబట్టి కోర్సు చెడ్డదేం కాదు. మా చెల్లిని నేను అడిగింది ఒక్కటే: "ఆ ఇన్‌స్టిట్యూట్‌లో నువ్వు డయాలసిస్ మిషన్ చూసినావా?" చూడలేదు. ఒక గది, ఇరవై కుర్చీలు, గోడ మీద కిడ్నీ బొమ్మ ఉన్నాయట. ప్రాక్టికల్స్ ఎక్కడ అంటే "టైఅప్ ఉంది" అన్నారట. ఏ ఆసుపత్రితో? ఆ పేరు మాత్రం చెప్పలేదు.

కువైట్ మాట

రాజంపేట, రాయచోటి వైపు ఇంకో ఆశ చూపిస్తారు. "ఈ సర్టిఫికెట్ ఉంటే కువైట్ ఆసుపత్రిలో ఉద్యోగం" అని. గల్ఫ్ ఆసుపత్రుల్లో టెక్నీషియన్‌గా చేరాలంటే డిప్లొమా లేదా డిగ్రీ, పని అనుభవం, ఆ కాగితాలు నిజమైనవేనని ధ్రువీకరణ, ఆపైన లైసెన్స్ పరీక్ష ఇవన్నీ ఉంటాయి. ఆరు నెలల కాగితంతో ఆ గడప దాటడం జరిగే పని కాదు.

వీసా వచ్చిందంటే అందులో ఏముందో చూడండి. కువైట్‌లో ఆర్టికల్ 18 అంటే కంపెనీ ఉద్యోగం, ఆర్టికల్ 20 అంటే ఇంటిపని. "పేషెంట్ కేర్" అని చెప్పి ఇరవై నంబరు వీసా చేతిలో పెడితే మీరు వెళ్లేది ఆసుపత్రికి కాదు, ఒకరి ఇంటికి. ఇంటిపని తప్పని కాదు. మన సీమలో ఎన్ని ఇళ్లు ఆ డబ్బుతో లేచాయో అందరికీ తెలుసు. కానీ దానికి 70,000 పెట్టి సర్టిఫికెట్ కొనాల్సిన పని లేదు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సర్వీస్ చార్జి కూడా 30,000, దాని మీద జీఎస్టీ, అంతే. అంతకు మించి అడిగితే అక్కడే అనుమానించాలి.

సర్టిఫికెట్ ఎప్పుడు మంచిది?

మూడు సందర్భాల్లో. ఒకటి, అది ఉచితంగా దొరికినప్పుడు. పీఎంకేవీవై కింద స్వల్పకాలిక కోర్సులకు ఫీజు ఉండదు. పల్లెల్లో యువతకు డీడీయూ-జీకేవై కింద భోజనం, వసతితో సహా ఉచిత శిక్షణ ఉంటుంది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లాంటి పనులు అక్కడే నేర్చుకోవచ్చు. రెండు, ఇప్పటికే ఆసుపత్రిలో పనిచేస్తూ, ఫలానా పని నేర్చుకుంటే జీతం పెంచుతామని యాజమాన్యం చెప్పినప్పుడు. మూడు, ఇంట్లో పరిస్థితి బాగాలేక ఆరు నెలల్లో ఏదో ఒక సంపాదన మొదలవ్వాల్సి ఉంటే. అప్పుడు కూడా అప్పు చేయకుండా, ఇది మెట్టు మాత్రమే, తర్వాత డిప్లొమా చేయాలని తెలిసి చేరండి.

చేతిలో పెట్టుకుని వెళ్లాల్సిన చీటీ

ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి.

1. కోర్సు అయ్యాక నా పేరు ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది? రాసి ఇస్తారా?
2. పరీక్ష పెట్టేదెవరు, మార్కుల మెమో మీద ఎవరి పేరుంటుంది?
3. ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో, రోజుకు ఎన్ని గంటలు? ఆ వార్డు ఒకసారి చూడొచ్చా?
4. కిందటి ఏడాది పాసైన ఐదుగురితో మాట్లాడిస్తారా?
5. మధ్యలో మానేస్తే ఒరిజినల్ టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు వెంటనే తిరిగి ఇస్తారా?

ఐదో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. ఒరిజినల్స్ పట్టుకుని మిగతా ఫీజు కోసం తిప్పించుకునే చోట్లు ఉన్నాయి. జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఉంచుకోవాల్సిందే అంటే రసీదు అడగండి.

ఈ చీటీ పట్టుకుని మా చెల్లి పోయిన వారం కర్నూలులో మూడు చోట్లకు వెళ్లింది. తోడుగా వాళ్లన్న హైదరాబాద్ నుంచి ఒకరోజు సెలవు పెట్టి వచ్చాడు. మొదటి చోట "ఇన్ని ప్రశ్నలడిగితే సీటు ఉండదమ్మా" అన్నారు. రెండో చోట "రేపు ఫోన్ చేస్తాం" అన్నారు, ఇంతవరకు చేయలేదు. మూడో చోట ఒక మేడమ్ బోర్డు అనుమతి కాగితం బయటికి తీసి చూపించి, డయాలసిస్‌కు తమకు అనుమతి లేదనీ, ల్యాబ్ కోర్సుకు మాత్రమే ఉందనీ చెప్పిందట.

ఆ అనుమతి కాగితాన్ని మావాడు చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడని చెల్లి ఫోన్‌లో చెప్పింది. బోర్డు పేరు, కోర్సు పేరు, సీట్ల సంఖ్య, అన్నీ. తర్వాత ఆ మేడమ్‌ను అడిగాడట: "మేడమ్, వయసు ఇరవై నాలుగైనా చేరొచ్చునా?"